నగర వృక్షాలపై కీటకాలు – నివాసుల వైఖరులు, నియంత్రణ: నాగోల్, ఉప్పల్, నాచారం ప్రాంతాల నేపథ్యంలో ఒక పరిశీలన

సారాంశం

నగర వృక్షాలను ఆశించే కీటకాల విషయంలో నివాసులు తీసుకునే నిర్ణయాలకు చెట్టుకు కలిగే వాస్తవ నష్టం కంటే కంటికి కనబడే లక్షణాలు, మనుషులకు కలిగే ఇబ్బంది ప్రధాన ఆధారాలుగా ఉంటాయి. ఈ వ్యాసం హైదరాబాదు తూర్పు భాగంలోని నాగోల్, ఉప్పల్, నాచారం ప్రాంతాలను నేపథ్యంగా తీసుకుని, వేప, మునగ, కొబ్బరి, కానుగ మొదలైన చెట్లపై సాధారణంగా కనిపించే చీడలను నివాసుల దృష్టికోణం నుంచి వర్గీకరిస్తుంది. 2021 చివరలో తెలంగాణ అంతటా కనిపించిన వేప కొమ్మ ఎండు తెగులు ఉదంతాన్ని వివరంగా చర్చిస్తుంది. నరికివేత, విచక్షణ లేని మందుల పిచికారీ, ఉపేక్ష అనే మూడు ధోరణులకు మూలాలను పరిశీలించి, వైఖరులను కొలిచే పద్ధతిని, విస్తరణ శాస్త్రవేత్తలు అనుసరించదగిన మార్గాలను సూచిస్తుంది.

కీలక పదాలు: నగర వృక్షాలు, వైఖరి, సౌందర్య నష్ట పరిమితి, వేప, టీ దోమ, సమగ్ర సస్యరక్షణ, విస్తరణ

1. ఉపోద్ఘాతం

పంట చేలో పురుగు కనబడినప్పుడు రైతు వేసుకునే లెక్క స్పష్టమైనది. దిగుబడి ఎంత తగ్గుతుంది, మందుకు, కూలికి ఎంత ఖర్చవుతుంది, వీటిలో ఏది ఎక్కువ అన్నదే ఆ లెక్క. సస్యరక్షణ శాస్త్రంలోని ఆర్థిక నష్ట పరిమితి అనే భావన దీనిపైనే నిలిచి ఉంది. వీధిలోని చెట్టుకు ఈ లెక్క వర్తించదు. వీధి వేపకు దిగుబడి లేదు, మద్దతు ధర లేదు, పట్టాదారు లేడు. అది ఇచ్చే నీడ, చల్లదనం, దుమ్మును పట్టి ఉంచే గుణం ఎవరి ఖాతాలోనూ జమ కావు. అందువల్ల ఆ చెట్టుకు పురుగు పట్టినప్పుడు ఏం చేయాలన్నది లెక్కను బట్టి గాక, చూసినవారి మనసులో కలిగిన భయం, అసహ్యం, మమకారం వంటి భావాలను బట్టి నిర్ణయమవుతుంది.

తెలంగాణకు హరితహారం 2015 జూలైలో ప్రారంభమైన తరువాత నగరంలో మొక్కలు నాటడం పెద్ద ఎత్తున సాగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ, ఆర్బర్ డే ఫౌండేషన్ కలిసి ఇచ్చే ‘ప్రపంచ వృక్ష నగరం’ గుర్తింపు 2020 సంవత్సరానికి హైదరాబాదుకు లభించింది. నాటడానికి లభించిన శ్రద్ధ, నాటిన చెట్టుకు చీడ సోకినప్పుడు ఏం చేయాలన్న విషయానికి లభించలేదు. పెరిగిన చెట్టును కాపాడడం, కొట్టివేయడం అనే నిర్ణయం చాలా సందర్భాల్లో ఆ వీధి నివాసుల చేతిలోనే ఉంటుంది. కాబట్టి వారి వైఖరిని అర్థం చేసుకోవడం కీటకాన్ని అర్థం చేసుకోవడమంత అవసరం.

2. ప్రాంత స్వభావం, వృక్ష సంపద

ఉప్పల్, నాగోల్‌ల మధ్యగా మూసీ నది ప్రవహిస్తుంది. నది వెంట ఆ నీటితో పారా గడ్డి పెంచి పశువులకు అమ్మడం ఈ ప్రాంతంలో చాలాకాలంగా ఉన్న జీవనాధారం. ఒకవైపు నాచారం పారిశ్రామికవాడ, మరొకవైపు వరంగల్ రహదారి, 2017 నవంబరులో ప్రారంభమైన నాగోల్–అమీర్‌పేట మెట్రో మార్గం ఈ ప్రాంత రూపురేఖలను మార్చాయి. సొంత ఇళ్ళ కాలనీలు, అపార్టుమెంట్లు, కార్మికుల బస్తీలు పక్కపక్కనే ఉన్నాయి. వరంగల్, నల్లగొండ వైపుల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలకు వ్యవసాయ నేపథ్యం ఉండడం అరుదు కాదు. వారితోపాటు పల్లెలోని చెట్ల జ్ఞానమూ, పత్తి చేలో పురుగు కనబడితే మందు కొట్టే అలవాటూ నగరానికి వచ్చాయి.

ఇటువంటి కాలనీలలో కనిపించే చెట్లను మూడు వర్గాలుగా చూడవచ్చు. మొదటిది వీధుల వెంట, పార్కులలో పెరిగే వేప, కానుగ, తురాయి, నిద్రగన్నేరు, ఏడాకుల పాల. రెండవది ప్రహరీ లోపల పెంచుకునే కొబ్బరి, మునగ, జామ, మామిడి, కరివేప, మందార. మూడవది గుడి ఆవరణల్లోని రావి, మర్రి, మేడి, జమ్మి. ఒకే పురుగు ఈ మూడు చోట్ల కనబడినా స్పందన ఒకేలా ఉండదు. గుడి రావిచెట్టుపై గొంగళి పురుగులను సహించే వ్యక్తి, తన గేటు ముందున్న చెట్టుపై అవే పురుగులను సహించకపోవచ్చు. వైఖరి కీటకంపై మాత్రమే గాక చెట్టు ఉన్న స్థానంపై కూడా ఆధారపడుతుందన్నది ఇక్కడ గుర్తించవలసిన మొదటి అంశం.

3. వైఖరి – సౌందర్య నష్ట పరిమితి

సామాజిక శాస్త్రాలలో వైఖరిని మూడు భాగాలుగా విభజిస్తారు. ఒక విషయం గురించి వ్యక్తికి తెలిసినది, దానిపట్ల అతనికి కలిగే భావోద్వేగం, దాని విషయంలో అతడు చేయడానికి సిద్ధపడే పని. పంటల విషయంలో విస్తరణ కృషి ఎక్కువగా మొదటి భాగంపై సాగింది. నగర వృక్షాల విషయంలో రెండవ భాగమే బలమైనది.

పరిమితమైన కీటక నష్టం చెట్టుకు హాని చేయకపోయినా చూసేవారికి అసహనం కలిగించే స్థాయిని ‘సౌందర్య నష్ట పరిమితి’ అంటారు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్క్‌లీ నగరంలో 1970వ దశకంలో వీధి చెట్లపై విలియం ఓల్కౌస్కీ, ఆయన సహచరులు చేసిన కృషిలో ఈ భావన రూపుదిద్దుకుంది. అక్కడ లిండెన్ చెట్లపై పేనుబంక విసర్జించే తియ్యని జిగురు కింద నిలిపిన కార్లపై పడుతుండేది. నివాసుల ఫిర్యాదులే మందు పిచికారీకి కారణం. చెట్లు మాత్రం చనిపోవడం లేదు. శాస్త్రవేత్తలు ఐరోపా నుంచి ఒక చిన్న పరాన్నజీవి కందిరీగను తెచ్చి విడుదల చేశారు. చీమలను చెట్టెక్కకుండా కట్టడి చేసి, మందు కొట్టే ముందు చెట్టును పరిశీలించే పద్ధతిని ప్రవేశపెట్టారు. పిచికారీ గణనీయంగా తగ్గింది. ఫిర్యాదు చెట్టు గురించి కాదని, కారు గురించి అని గుర్తించడమే ఆ విజయానికి తొలిమెట్టు. హైదరాబాదు కాలనీలకు ఈ పాఠం నేరుగా వర్తిస్తుంది.

4. వేప ఉదంతం

2021 చివరి నెలల్లో తెలంగాణ అంతటా, హైదరాబాదు నగరంతో సహా, వేపచెట్ల కొమ్మల చివరలు ఎండి గోధుమ రంగుకు మారడం కనిపించింది. చాలా చెట్లు దూరానికి మంటకు మాడినట్లు కనబడ్డాయి. ఆ తరువాతి సంవత్సరాలలో కూడా వానాకాలం చివర ఈ లక్షణాలు మళ్ళీ కనిపించాయి. ఆయుర్వేదంలో ఔషధంగా, సస్యరక్షణలో కీటకనాశినిగా పేరుపొందిన చెట్టుకే చీడ సోకిందన్న వార్త ప్రజల్లో ఆశ్చర్యాన్ని, ఆందోళనను కలిగించింది.

దీని వెనుక రెండు జీవులున్నాయి. మొదటిది హీలోపెల్టిస్ ఆంటోనై అనే రసం పీల్చే పురుగు. టీ దోమగా పిలిచే ఈ పురుగు లేత చిగుళ్ళలో తొండాన్ని గుచ్చి, విషపూరితమైన లాలాజలాన్ని వదులుతుంది. చిగురు వాడి, నల్లబడి ఎండిపోతుంది. జీడిమామిడి, జామ వంటి చెట్లనూ ఇది ఆశిస్తుంది. రెండవది ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం. కర్ణాటకలో వేపపై గుర్తించిన ఈ శిలీంధ్రాన్ని 1997లో కొత్త జాతిగా వర్ణించారు. డై బ్యాక్‌గా పేరుపడిన కొమ్మ ఎండు తెగులుకు ఇదే కారణం. ఇది కొమ్మల చివరల నుంచి కిందికి వ్యాపించి, పూతను, కాయను కూడా దెబ్బతీస్తుంది. వాన చినుకుల ద్వారా, విత్తనం ద్వారా వ్యాపిస్తుంది. పురుగు చేసిన గాయాలు శిలీంధ్రం ప్రవేశానికి తోడ్పడతాయి. అందువల్ల ఒకే చెట్టుపై రెండింటి లక్షణాలు కలగలిసి కనిపిస్తాయి.

నివాసుల వైఖరి దృష్ట్యా ఈ ఉదంతంలో మూడు విషయాలు గమనార్హం.

మొదటిది, ఎండిన చెట్టును చచ్చిన చెట్టుగా భావించడం. పెద్ద వేపచెట్లలో అధికభాగం చివరి కొమ్మలు కోల్పోయినా వేసవి ఆరంభంలో తిరిగి చిగురిస్తాయి. ఈలోగా ‘చెట్టు చచ్చింది, మీద పడుతుంది’ అన్న భయంతో మొదలంటా కొట్టిస్తే, బ్రతకగల చెట్టు పోతుంది. కొమ్మ బెరడును గోటితో గీరినప్పుడు లోపల పచ్చదనం, తేమ కనబడితే ఆ కొమ్మ సజీవంగా ఉన్నట్లే. ఈ చిన్న పరీక్షను ఎవరైనా చేయవచ్చు.

రెండవది, పేరు కలిగించే గందరగోళం. వ్యవసాయ పరిభాషలో రసం పీల్చే అనేక పురుగులను దోమ అంటారు. పచ్చదోమ, సుడిదోమ, తెల్లదోమ, టీ దోమ అన్నవి రైతుకు పరిచితమైన పేర్లు. నగరవాసికి దోమ అంటే డెంగీ, మలేరియా. ‘వేపకు టీ దోమ పట్టింది’ అన్న మాట విన్నప్పుడు ఫాగింగ్ యంత్రం కావాలని అడగడం అతని దృష్టిలో సహేతుకమే. ఫాగింగ్ ఎగిరే దోమలను ఉద్దేశించినది. ఎత్తైన కొమ్మల చిగుళ్ళలో ఉండే రసం పీల్చే పురుగుపై దానికి ప్రయోజనం లేదు. అదేవిధంగా ‘చెట్టుకు పురుగు పట్టింది’ అన్న వాడుక మాటలో కీటకం, శిలీంధ్రం, పోషక లోపం, వేరు దెబ్బతినడం అన్నీ ఇమిడిపోతాయి. విస్తరణ కార్యకర్త ముందుగా తన పదజాలాన్ని సరిచూసుకోవాలి.

మూడవది, వేపపట్ల ఉన్న మమకారం. బోనాలలో వేపరెమ్మ, ఉగాది పచ్చడిలో వేపపువ్వు తప్పనిసరి. ఈ అనుబంధం నరికివేతను వాయిదా వేయించగల శక్తి. శాస్త్రీయంగా కూడా ఈ చెట్టు కోలుకున్నదీ లేనిదీ తేలే సమయం ఉగాది పరిసరాలే. ‘ఎండిన రెమ్మలను తీసివేయండి, ఉగాది నాటికి చిగురు వస్తుందేమో చూసి ఆపై నిర్ణయించండి’ అన్న సలహా ప్రజల పంచాంగంలోనే ఇమిడి ఉంటుంది కాబట్టి గుర్తుంటుంది, ఆచరణలోకి వస్తుంది. తెగులు సోకిన చెట్టుకు ఆ సంవత్సరం పూత తగ్గవచ్చు. పూత లేకపోయినా చిగురు వస్తే చెట్టు నిలిచినట్లేనని కూడా చెప్పాలి.

యాజమాన్యం విషయానికి వస్తే, నర్సరీ మొక్కలకు, చేతికి అందే చిన్న చెట్లకు ఎండిన రెమ్మలను కొంత పచ్చి భాగంతో సహా కత్తిరించి తొలగించడం, అవసరమైతే సిఫార్సు మేరకు శిలీంధ్రనాశిని, కీటకనాశిని వాడడం సాధ్యం. నలభై, యాభై అడుగుల వీధి చెట్టుపై పిచికారీ చేస్తే మందులో ఎక్కువ భాగం కిటికీలపై, నీటి ట్యాంకులపై, దారిన పోయేవారిపై పడుతుంది. అక్కడ రెమ్మల కత్తిరింపు, మొదలు చుట్టూ నీరు ఇంకే ఏర్పాటు, వేసవిలో తడి ఇవ్వడం ఉత్తమ మార్గాలు.

5. నివాసుల దృష్టిలో చీడలు: మూడు వర్గాలు

5.1 చెట్టు కంటే మనిషిని ఎక్కువ బాధించేవి

మునగపై వచ్చే యూప్టెరోట్ మొల్లిఫెరా అనే బొంత పురుగు దీనికి ఉత్తమ ఉదాహరణ. వానలు పడిన తరువాత తల్లి పురుగులు గుంపులుగా గుడ్లు పెడతాయి. గొంగళి పురుగులు ఆకును తిని, పగటివేళ కాండంపై దట్టంగా గుమిగూడతాయి. వాటి వెంట్రుకలు తగిలితే దురద, దద్దుర్లు కలుగుతాయి. పిల్లలున్న ఇంట్లో ఈ దృశ్యం మునగచెట్టు కొట్టివేతకు దారితీయడం సహజం. నిజానికి ఈ పురుగు సంవత్సరానికి ఒక్క తరం మాత్రమే పూర్తిచేస్తుంది. పురుగుల బలహీనత కూడా వాటి గుంపులోనే ఉంది. కాండంపై ఒకేచోట చేరినవాటిని చేతులకు, ముఖానికి రక్షణ కల్పించుకుని గరిటతో గీకి సబ్బు నీటిలో వేయవచ్చు. గుడ్ల సముదాయాలున్న ఆకులను తుంచివేయడం, లీటరు నీటికి 25 గ్రాముల చొప్పున చేపనూనె సబ్బు కలిపి చల్లడం సిఫార్సులో ఉన్నవే. కాయ తినే చెట్టు, ఆకు కూర వండే చెట్టు కనుక మునగపై ఘాటైన రసాయనాలు వాడరాదు.

కొబ్బరిపై వచ్చే సర్పిలాకార తెల్లదోమ రెండవ ఉదాహరణ. అలూరోడైకస్ రూగియోపెర్క్యులేటస్ అనే ఈ విదేశీ కీటకాన్ని 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి ప్రాంతంలో తొలిసారిగా మన దేశంలో గుర్తించారు. అక్కడి నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వ్యాపించింది. ఆకుల అడుగున తెల్లని మైనపు వలయాలు, కింద పడే జిగురు, దానిపై పెరిగే నల్లని మసి బూజు దీని లక్షణాలు. నివాసి ఫిర్యాదు కొబ్బరి కాయల గురించి కాదు. నల్లబడిన వాకిలి, జిగటపట్టిన స్కూటరు, ఆరవేసిన బట్టలపై మచ్చలు అతని బాధ. ఎన్‌కార్సియా గ్వాడెలూపే అనే పరాన్నజీవి ఈ తెల్లదోమను సహజంగానే అదుపు చేస్తుంది. రసాయన పిచికారీ ముందుగా చంపేది ఈ మిత్ర పురుగునే. ఆకుల అడుగుభాగాన్ని నీటి ధారతో కడగడం, పసుపు రంగు జిగురు అట్టలు కట్టడం, వేపనూనె వాడడం మేలైన పద్ధతులు. మసి వదలడానికి ఒక శాతం గంజి ద్రావణం, అంటే లీటరు నీటికి 10 గ్రాముల గంజి పొడి చల్లితే, ఎండిన తరువాత ఆ పొర మసితో సహా ఊడిపోతుంది. గంజి ప్రతి ఇంటికీ తెలిసిన వస్తువు కనుక ఈ సలహాపై నమ్మకం కుదరడం సులభం.

5.2 భయపెట్టేవి, హాని అంతగా చేయనివి

కానుగ ఆకులపై వేలిమొనల్లా లేచే బుడిపెలు దాదాపు ప్రతి వీధిలో కనిపిస్తాయి. ఇవి అసేరియా పొంగామియే అనే సూక్ష్మమైన నల్లి వల్ల ఏర్పడతాయి. ఇది కీటకం కాదు. సాలీడు కుటుంబానికి దగ్గరి జీవి అయినప్పటికీ దీనికి ఉండేవి నాలుగు కాళ్ళే. ఏడాకుల పాల ఆకులపై కనిపించే బుడిపెలకు కారణం పౌరోప్సిల్లా ట్యుబర్క్యులాటా అనే చిన్న రసం పీల్చే పురుగు. పార్కులలో పెంచే ఫైకస్ మొక్కల ఆకులు మడతపడడానికి తామర పురుగులు కారణం. ఎదిగిన చెట్లను ఇవి చంపవు. ఆకు అందం మాత్రం తగ్గుతుంది. ‘ఈ చెట్టుకు చర్మవ్యాధి వచ్చింది, మనకూ అంటుకుంటుంది’ అన్న అపోహను తొలగించడమే ఇక్కడ ప్రధాన చికిత్స.

ఈ వర్గంలోనే మరో పొరపాటు ఉంది. మందారపై పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్లదశలో ఒంటినిండా తెల్లని మైనపు పోగులతో అచ్చం పిండినల్లిలాగే, దానికంటే పెద్దగా కనిపిస్తుంది. అల్లిక రెక్కల పురుగు పిల్లలు చెత్తను వీపున మోస్తూ తిరుగుతాయి. ‘పెద్ద పురుగు వచ్చింది’ అని ముందుగా చంపేది వీటినే. 2008లో కోయంబత్తూరులో గుర్తించిన బొప్పాయి పిండినల్లి అనేక పంటలను, తోట మొక్కలను దెబ్బతీసినప్పుడు, 2010లో దిగుమతి చేసిన అసెరోఫేగస్ పపాయే మొదలైన పరాన్నజీవులే దానిని అదుపులోకి తెచ్చాయి. మిత్ర పురుగును గుర్తుపట్టడం నేర్పితే సగం మందు ఆగిపోతుందన్న వాదనకు ఇది బలమైన ఆధారం.

5.3 కంటపడకుండా చెట్టును కూల్చేవి

అసలు ప్రమాదం ఉన్న చోట ఫిర్యాదు ఉండదు. ఇండర్బెలా జాతి బెరడు తినే పురుగు కొమ్మల పంగలలో రంధ్రం చేసి, రాత్రివేళ బయటకు వచ్చి బెరడును గీకి తింటుంది. కాండంపై రంపపు పొట్టు, విసర్జనలతో అల్లిన గోధుమ రంగు తెరలు దీని ఆనవాళ్ళు. నివాసులు దీనిని మట్టిగానో, చెదగానో భావించి వదిలేస్తారు. క్రమంగా కొమ్మ బలహీనపడి గాలివానకు విరుగుతుంది. తెరను ఊడ్చి, రంధ్రంలో ఇనుప తీగ చొప్పించి పురుగును చంపి, కిరోసినులో ముంచిన దూదిని పెట్టి బంకమట్టితో మూసివేయడం సులభమైన పద్ధతి. పాత కరపత్రాలలో ఈ పనికి డైక్లోర్వాస్ సిఫార్సు కనిపిస్తుంది. ఆ మందును 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో నిషేధించారు. విద్యార్థులు పాత సిఫార్సులను యథాతథంగా పునరావృతం చేయరాదు.

కీటకం కాని శత్రువులు కూడా ఈ వర్గంలోకే వస్తాయి. మొదలు చుట్టూ కాంక్రీటు, కాండంలో దిగగొట్టిన మేకులు, బిగించిన కేబుల్ తీగలు, విద్యుత్ తీగల కోసం ఒకవైపే కొమ్మలు నరకడం, మురుగు కాలువ తవ్వకంలో తెగిన వేళ్ళు చెట్టును బలహీనపరుస్తాయి. బలహీనపడిన చెట్టునే తొలిచే పురుగులు, శిలీంధ్రాలు ఎంచుకుంటాయి. నివాసి చూసేది చివరి దశలోని పురుగును. కారణం మాత్రం కొన్నేళ్ళ కిందట తాను వేయించిన సిమెంటు గచ్చు కావచ్చు.

6. నియంత్రణపట్ల ధోరణులు

నివాసుల స్పందనలను స్థూలంగా మూడు ధోరణులుగా చెప్పవచ్చు.

నరికివేత ధోరణికి భయం మూలం. దీనికి చట్టపరమైన పరిమితి ఉంది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం, అనగా వాల్టా, ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి అవసరం. సొంత ఆవరణలోని చెట్టయినా అది తమ ఇష్టానికి వదిలిన విషయం కాదన్న సంగతిని ప్రచారం చేయాలి.

మందు ధోరణికి పొలం అలవాటు, తక్షణ ఫలితంపై ఆశ మూలాలు. 1968 నాటి కీటకనాశినుల చట్టం ప్రకారం ప్రతి మందుకు నిర్దిష్టమైన పంటపై, నిర్దిష్టమైన చీడపై నమోదు ఉంటుంది. లేబుల్‌పై ఆ వివరాలు ముద్రిస్తారు. వీధి చెట్ల పేర్లు ఆ లేబుళ్ళలో కనిపించడం అరుదు. వాణిజ్యపరంగా కీటక నియంత్రణ సేవలు అందించేవారికి లైసెన్సు ఉండాలి. పురుగు మందుల దుకాణంలో పత్తి కోసం అమ్మే డబ్బాను తెచ్చి కాలనీ చెట్టుపై కొట్టించడం చట్టం దృష్టిలోనూ, ఆరోగ్యం దృష్టిలోనూ తప్పే. వేప, కానుగ పూసే కాలంలో తేనెటీగలు వాటిపై ఆధారపడతాయి. ఆ సమయంలో చేసే పిచికారీ వాటికి ప్రాణాంతకం. వానకు కడుక్కుపోయిన మందు కాలువల ద్వారా మూసీలోకి, అక్కడి నుంచి పశుగ్రాసం పెంచే మడుల్లోకి చేరే అవకాశాన్ని ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఉపేక్ష ధోరణికి ‘ఇది మున్సిపాలిటీ చెట్టు’ అన్న భావన మూలం. ఇది పైకి హానిలేనిదిగా కనిపించినా, సకాలంలో ఒక కొమ్మ తీస్తే బ్రతికే చెట్టు చివరకు నరికివేతకు చేరేది ఈ మార్గంలోనే.

ఈ మూడు ధోరణులకూ వెనుక ఒక సంస్థాగత ఖాళీ ఉంది. పల్లెలో రైతుకు వ్యవసాయ విస్తరణాధికారి, రైతు వేదిక అందుబాటులో ఉంటాయి. నగరపాలక సంస్థలో వృక్షాల పోషణ నగర జీవవైవిధ్య విభాగానిది, దోమల నియంత్రణ కీటక విభాగానిది. చెట్టు మీది పురుగు ఈ రెండింటి నడుమ పడిపోతుంది. అదే నగరంలో, రాజేంద్రనగర్‌లో, వ్యవసాయ విశ్వవిద్యాలయం, జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ ఉన్నాయి. వాటి పరిజ్ఞానం నాగోల్ కాలనీకి చేరే నిర్దిష్టమైన దారి ఏర్పడవలసి ఉంది.

7. వైఖరులను కొలిచే పద్ధతి

ఈ అంశంపై క్షేత్ర పరిశోధన చేపట్టే విద్యార్థులకు కింది సూచనలు ఉపకరిస్తాయి. రెన్సిస్ లైకర్ట్ 1932లో ప్రతిపాదించిన కొలమానం ఆధారంగా, ప్రతి వాక్యానికి ‘పూర్తిగా అంగీకరిస్తాను’ నుంచి ‘ఏమాత్రం అంగీకరించను’ వరకు ఐదు స్థాయిలలో సమాధానం తీసుకోవచ్చు. అనుకూల, ప్రతికూల వాక్యాలు సమానంగా ఉండాలి. మచ్చుకు:

1) చెట్టు ఆకుల్లో కొన్నింటిని పురుగులు తిన్నా ఫరవాలేదు.
2) పురుగు కనబడిన వెంటనే మందు కొట్టించాలి.
3) చెట్టుపై ఉండే పురుగుల్లో మేలు చేసేవి కూడా ఉంటాయి.
4) గొంగళి పురుగులు వచ్చే చెట్టు ఇంటి దగ్గర ఉండకూడదు.
5) వీధి చెట్టు బాగోగులలో నాకూ బాధ్యత ఉంది.
6) ఎండిన వేపచెట్టును వెంటనే తీసివేయడమే మంచిది.
7) చెట్టుకు మందు కొట్టే ముందు చుట్టుపక్కల వారికి చెప్పాలి.
8) చెట్టు వల్ల వాకిలి పాడవుతుంటే చెట్టును కొట్టివేయడం తప్పు కాదు.

వైఖరిని, పరిజ్ఞానాన్ని వేరువేరుగా కొలవాలి. పరిజ్ఞానాన్ని కొలవడానికి పిండినల్లి, అక్షింతల పురుగు పిల్లదశ, కానుగ బుడిపె, బెరడు తినే పురుగు తెర మొదలైనవాటి ఛాయాచిత్రాలు చూపి అడగడం మేలు. పురుగుల పేర్లు చెప్పి అడిగితే, ముందు చెప్పుకున్న దోమ గందరగోళమే సమాధానాలలోనూ ప్రతిఫలిస్తుంది.

కాలం రెండవ జాగ్రత్త. బొంత పురుగులు తిరిగే వానాకాలంలోనూ, వేప చిగురించే వేసవి ఆరంభంలోనూ ఒకే వ్యక్తి సమాధానం ఒకటి కాకపోవచ్చు. రెండు దఫాలుగా సేకరిస్తే తాత్కాలిక ఉద్రేకం, స్థిరమైన వైఖరి విడివడతాయి.

నమూనా ఎంపిక మూడవది, అన్నింటికంటే ముఖ్యమైనది. గృహ యజమానులను మాత్రమే అడిగితే చిత్రం అసంపూర్ణమవుతుంది. వీధి వేప నీడలో ఇస్త్రీ బండి పెట్టుకున్నవారికి, టీ కొట్టు నడిపేవారికి ఆ చెట్టే పైకప్పు. చెట్టు తీసివేతపై కాలనీ సంఘం సమావేశంలో వారికి ఓటు ఉండదు. రాలిన ఆకులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికులు చెట్టులోని మార్పును అందరికంటే ముందు గమనించగలవారు. కొమ్మలు కొట్టే విద్యుత్ సిబ్బంది, మందు చల్లే కూలీలు ప్రత్యక్షంగా ప్రమాదానికి లోనయ్యేవారు. సొంత ఇళ్ళ కాలనీలు, అపార్టుమెంట్లు, బస్తీలు, పారిశ్రామికవాడ పరిసరాల నుంచి విడివిడిగా నమూనా తీసుకుని, ఈ వర్గాలన్నింటికీ చోటు కల్పించాలి.

8. విస్తరణ కృషికి సూచనలు

• సలహా నివాసి ఇబ్బందితో మొదలు కావాలి. వాకిట్లో జిగురు, పిల్లలకు దద్దుర్లు, కొమ్మ విరుగుతుందన్న భయం అనే మూడింటిలో ఏది అతని సమస్యో తెలుసుకుని దానికి వెంటనే ఉపశమనం చూపిన తరువాతే కీటక శాస్త్రం చెప్పాలి.
• ప్రతి చీడకు ‘చెట్టుకు హాని ఎంత, మనిషికి ఇబ్బంది ఎంత, ఎన్ని రోజులు ఉంటుంది’ అన్న మూడు ప్రశ్నలకు జవాబిచ్చే చిత్రాలతో కూడిన ఒకే పేజీ కరపత్రాన్ని తెలుగులో, ఉర్దూలో, హిందీలో రూపొందించాలి.
• వానాకాలానికి ముందు కాలనీ సంఘాలతో కలిసి చెట్ల నడక నిర్వహించి, బెరడు తినే పురుగు తెరలను, కాంక్రీటుతో బిగుసుకున్న మొదళ్ళను గుర్తించాలి. మొదలు చుట్టూ కనీసం ఒక మీటరు మేర మట్టిని వదిలించే ఏర్పాటు చేయాలి.
• పారిశుద్ధ్య కార్మికులకు, తోటమాలులకు చీడల గుర్తింపులో స్వల్పకాలిక శిక్షణ ఇవ్వాలి.
• ఒకే జాతి చెట్లను వరుసగా నాటడం తగ్గించాలి. వేప ఉదంతం చూపినట్లు, ఒక తెగులు వస్తే వీధి మొత్తం ఒకేసారి వెలవెలబోతుంది.
• రసాయనం తప్పనిసరైన చోట చేతికి అందే చెట్లకే పరిమితం చేసి, గాలి లేని సాయంత్రం వేళ, ముందస్తు సమాచారంతో, శిక్షణ పొందినవారి చేతనే చేయించాలి. నీటి తొట్టెలపై మూతలు వేయించాలి.
• వ్యవసాయ కళాశాల విద్యార్థుల గ్రామీణ అనుభవ కార్యక్రమానికి తోడుగా, నగర కాలనీలలో కొన్ని వారాల వృక్ష ఆరోగ్య పరిశీలనను చేర్చే అంశాన్ని ఆలోచించవచ్చు.

9. ముగింపు

నగర చెట్టుకు సోకిన చీడను శాస్త్రజ్ఞుడు ఆకు కింద వెతుకుతాడు, నివాసి తన వాకిట్లో చూస్తాడు. ఈ రెండు చూపులూ కలవనంతవరకు హానిలేని కానుగ బుడిపెలకు మందు కొడుతూ, చెట్టును తొలిచే పురుగును మట్టిగా భావించి వదిలేస్తూనే ఉంటారు. నివాసుల వైఖరిని అజ్ఞానంగా కొట్టిపారేయడం సరికాదు. దురద నిజమే, జిగురు నిజమే, విరిగిన కొమ్మ కలిగించే భయమూ నిజమే. వాటిని గౌరవించి పరిష్కరించినప్పుడే మిగిలిన పురుగులను సహించే ఓర్పు ఏర్పడుతుంది. నాటిన మొక్కల సంఖ్యతోపాటు, చీడ సోకిన తరువాత కూడా నిలిచిన చెట్ల సంఖ్యను లెక్కించే అలవాటు నగరానికి రావాలి. ఎండిన వేపను ఉగాది వరకు ఆగి చూడగలిగిన కాలనీ, మిగిలిన చెట్ల విషయంలోనూ తొందరపడదు.